ఏళ్లగంట

పెద్దగంటను కిందికి దించిన రోజు నేను చర్చి ఆవరణలో అడుగు పెట్టలేదు. రోడ్డుకు ఇవతల, నా వడ్రంగి షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. వానలు మొదలై వారమైంది. గొలుసులు తడిసి జారుతున్నాయి. ఒక క్రేను, నలుగురు మనుషులు, వాళ్లకు సలహాలు చెప్పడానికి నలభై మంది. నూట ఇరవై ఏళ్లు గాల్లో ఉన్న గంట ఇరవై నిమిషాల్లో కిందికొచ్చి బురదలో కూర్చుంది.

అంచు నుంచి నడుము దాకా పగులు. లోపలి నాలుకకు కట్టిన తాడు ఇంకా వేలాడుతూనే ఉంది. ఆ తాడు చూశాక నాకు ఇంక ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.

గంటను ఊపాలి. గంట ఊగితే నాలుక తనంతట తానే వచ్చి తగులుతుంది, తగిలి వెనక్కి పోతుంది. పెద్దగంటను ఊపాలంటే ఇద్దరు కావాలి. రెండు వైపులా రెండు తాళ్లు. ఒకడు లాగితే ఇంకొకడు ఆపాలి. ఒక్కడే ఉండి, కక్కుర్తిపడి నాలుకకే తాడు కట్టి లాగాడనుకోండి, అది ఎప్పుడూ ఒకేచోట అదిమి కొడుతుంది. కంచు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. తర్వాత పగులుతుంది. ఈ సంగతి ఊళ్లో ఇద్దరికే తెలుసు. ఒకణ్ణి నేను. రెండోవాడు నా బావమరిది. తెలిసే కట్టాడు.

వాడు మంగలి షాపు నడుపుతాడు, చర్చి ప్రహరీ పక్కనే. ఆ రోజు షాపు మూసి, గంట పక్కన గొడుగు లేకుండా నిలబడ్డాడు. ఒకసారి నా వైపు చూశాడు. నేను లోపలికి వచ్చి చిత్రిక పట్టుకున్నాను.

వాడికీ నాకూ నాలుగేళ్లుగా మాటల్లేవు. ఊళ్లో వాడికి తొందరోడు అని పేరు. ఆ పేరు నా భార్య చావు దగ్గర వచ్చింది.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే వాళ్లకు ఎన్నేళ్లో అన్ని దెబ్బలు పెద్దగంట మీద కొడతాం. దాన్ని ఏళ్లగంట అంటాం. పొలాల్లో ఉన్నవాళ్లు పని ఆపి లెక్కపెడతారు. ఎనభై రెండు దగ్గర ఆగితే, ఓహో, పాత పోస్ట్‌మాస్టరు అని తెలుస్తుంది. ఆరు దగ్గర ఆగితే ఎవరూ ఏమీ అనరు. ఒక మనిషికి ఒక్కసారే కొట్టాలి. రెండోసారి కొట్టకూడదు. ఇది నా మామగారు పెట్టిన కట్టుబాటు కాదు, ఆయన ముందువాళ్లదీ కాదు, ఎప్పటిదో. ఆయన ముప్పై ఆరేళ్లు ఆ తాడు పట్టుకున్నాడు. ఆయన కొడుకూ, అల్లుణ్ణయిన నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాం. కూతురికి మాత్రం నేర్పలేదు. ఆడపిల్లలు తాళ్ల గదిలోకి ఎక్కకూడదన్నాడు.

ఎక్కనివ్వలేదు కాబట్టి ఆమె కింద కూర్చుని లెక్కపెట్టడం నేర్చుకుంది. పెళ్లయి నా ఇంటికి వచ్చాక కూడా అదే పని. గంట మొదలైతే చేతిలో పని వదిలేసి, కంచు గిన్నె ఒకటి ముందు పెట్టుకుని, దెబ్బకో చిక్కుడు గింజ వేసేది. నేను గోపురం దిగి ఇంటికి వచ్చేసరికి గిన్నె నా ముందు పెట్టేది. వండినది కాదు, లెక్క.

ఒకసారి దర్జీ పోయాడు. డెబ్బై ఒకటి. నేను కొట్టి ఇంటికి వచ్చాను.

"డెబ్బయ్యే కొట్టారు," అంది.

"డెబ్బై ఒకటి కొట్టాను."

"గింజలు లెక్కపెట్టుకోండి."

"ఒక గింజ పొయ్యి కిందికి దొర్లి ఉంటుంది."

"పొయ్యి కింద ఊడ్చే వచ్చాను. పాపం ఆయన ఊరందరికీ కొలతలు తీసి బట్టలు కుట్టాడు. ఆయనకి మీరు ఒక ఏడు తక్కువ కుట్టారు."

పందొమ్మిదేళ్ల కిందటి మాట. ఆమె ఉన్నంతకాలం అది నన్ను వదల్లేదు. చొక్కా బొత్తాం ఊడినప్పుడల్లా దర్జీ గుర్తొచ్చేవాడు.

ఆమె జబ్బుపడి ఐదు నెలలు మంచం మీద ఉంది. చివరికి డాక్టరు వచ్చి, ఇంకో వారమో పది రోజులో అన్నాడు. ఆయన వెళ్లాక, ఆ మధ్యాహ్నమే, నేను మంచం పక్కన కూర్చుని ఉన్నాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది. పెద్దగంట మొదలైంది. శబ్దం పొడిగా, చెక్క మీద కొట్టినట్టు ఉంది. ఎవరు పోయారా అనుకున్నాను. ఆమె వేళ్లు దుప్పటి మీద కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. గంట ఆగింది. ఆమె కళ్లు తెరిచింది.

"యాభై మూడు," అంది.

ఆమెకు యాభై మూడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పోయింది. గంట మోగలేదు. ఒకసారి కొట్టేశారు కాబట్టి మళ్లీ కొట్టకూడదు. ఇంటి ముందు జనం చేరారు గాని పైన గోపురం మూగగా ఉంది. బావమరిది వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. డాక్టరు కారు వెళ్లిపోవడం చూసి అక్క పోయిందనుకున్నాను, పొరపాటైంది అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు. నేను వాణ్ణి గడప దాటనివ్వలేదు. తన చావుగంట తానే విని ఆ మనిషి ప్రాణం వదిలేసిందని నా నమ్మకం. మర్నాడు గోపురం తాళంచెవి పంపించేశాను. ఆ తర్వాత మళ్లీ తాడు పట్టుకోలేదు.

*

మా అమ్మాయి బళ్లో పాఠాలు చెబుతుంది. తల్లి పోయాక బదిలీ చేయించుకుని నా దగ్గరికి వచ్చేసింది. ఆ వానాకాలం చర్చివాళ్లు ఆమెకు ఒక పని అప్పగించారు. పాత గంట పోయి కొత్తది వస్తోంది కాబట్టి గంటల చరిత్ర ఒక చిన్న పుస్తకంగా రాయమన్నారు. రోజూ సాయంత్రం నోటుబుక్కు తీసి నా ఎదురుగా కూర్చునేది.

"చిన్నగంట ఎలా వచ్చింది నాన్నా?"

"గడ్డి నింపిన పెట్టెలో. మొదటి ఫాదరు తెచ్చాడు. గోపురం లేదు అప్పుడు. ఒక గుంజకి కట్టారు."

"నడిమి గంట?"

"లాంచీది. లాంచీ మునిగింది, గంట తేలింది."

"గంట తేలుతుందా?"

"రాసుకో. నువ్వు తేలదని రాస్తే ఎవడూ చదవడు."

నవ్వింది. తల్లి నవ్వే. నేను చూపు తిప్పుకున్నాను.

పెద్దగంట సంగతి మాత్రం సరిగ్గా చెప్పాను. ఎక్కణ్ణుంచో ఒక పోతపని మనిషి వచ్చి చర్చి వెనక గొయ్యి తవ్వి, అక్కడే పోశాడు. ఊరి ఆడవాళ్లు కంచు గిన్నెలూ కంచాలూ తెచ్చి ఇచ్చారు. అది వేలాడగట్టిన రెండో ఏడు జ్వరాలు వచ్చాయి. ఎవరి ఇంట్లో వాళ్లు తలుపులు బిగించుకున్నారు. ఎవరు పోయారో పక్కింటికి తెలిసే దారి లేదు. అప్పుడు మొదలైంది ఏళ్లగంట. అంకె వింటే మనిషి తెలుస్తాడు. తలుపు తెరవకుండానే ఆ మనిషి కోసం దండం పెట్టుకోవచ్చు.

ఆమె అంతా రాసుకుంది. తర్వాత పెన్ను మూసి, "అమ్మ గింజల గిన్నె ఇవ్వు నాన్నా," అంది.

"ఎందుకు?"

"కొత్త గంటలో పాత ఇళ్ల కంచు కలుపుతారంట. ఇత్తడి వద్దన్నారు, కంచే కావాలంట. మనది కంచే కదా."

"ఇవ్వను."

"అమ్మ అయితే ఇచ్చేది."

"మీ అమ్మ చాలా ఇచ్చేది. ఆ గంట పగలగొట్టింది మీ మామయ్య. వాడు పగలగొట్టిన దాన్ని పూడ్చడానికి నా ఇంట్లో గిన్నె లేదు."

"నాలుగేళ్లయింది నాన్నా. ఒక పొరపాటుకి నాలుగేళ్లు చాలవా?"

"ఏ పొరపాటుకి ఎంత చాలుతుందో నీ పుస్తకంలో రాసి ఉందా?"

నోటుబుక్కు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఇద్దరం వేరువేరుగా తిన్నాం.

*

పది రోజుల తర్వాత ఫాదర్ మా షెడ్డుకు వచ్చాడు. కుర్రవాడు. బైకు దిగి, బూట్లకు బురద ఉందని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మేస్త్రీ గారూ, గంట వేలాడే దూలం పుచ్చిపోయింది. కొత్తది మీరే చేయాలి."

"ఇంకా ముగ్గురు వడ్రంగులున్నారు ఊళ్లో."

"ఉన్నారు. ఆ దూలం కింద నేను నిలబడి ప్రార్థన చెప్పాలి."

నాకు నవ్వొచ్చింది గాని కనపడనివ్వలేదు. "కొలతలు కావాలి," అన్నాను.

"కొలతలు కావాలంటే పైకెక్కాలి."

"తెలుసు."

ఆయన కదల్లేదు. ఇంకో మాట ఉందని అర్థమైంది. గంట పోసేవాళ్లు ముందే చెప్పారట. ఈసారి నాలుకకు తాడు కడితే తమకు సంబంధం లేదని. ఊపడం తెలిసిన ఇద్దరు మనుషులుంటే సరే, లేకపోతే మోటారు పెట్టించుకోమని. చర్చి పెద్దలు మోటారు వైపే ఉన్నారట. గంట ఎక్కించే రోజుకు ఏదో ఒకటి తేల్చాలి.

"ఊపడం తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారు," అన్నాడు. "ఒకర్ని అడిగాను. బావ వస్తే వస్తానన్నాడు."

"మోటారే పెట్టండి."

"ఏళ్లగంట కూడా మోటారే కొడుతుందంట. ఎన్నేళ్లో నొక్కితే చాలు."

"మంచిది. లెక్క తప్పదు."

ఆయన వెళ్లిపోయాడు. సాయంత్రం అమ్మాయికి ఈ సంగతి అప్పటికే తెలుసు. అన్నం వడ్డిస్తూ, "రేపు నువ్వు పోతే నేను వెళ్లి మీట నొక్కాలన్నమాట," అంది. అంతే.

*

మర్నాడు గోపురం ఎక్కాను. అమ్మాయి కూడా వస్తానంది. మామగారి కాలం కాదు కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు. నలభై ఆరు మెట్లు. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆమె నా వెనక, నోటుబుక్కు చంకలో పెట్టుకుని, నేను ఆగినప్పుడు తనూ ఆగింది.

తాళ్ల గది చిన్నది. నాలుగు గోడలు, ఒక కిటికీ, కప్పులో తాళ్లకు రంధ్రాలు. పావురాల రెట్ట వాసన. పెద్దగంట రెండు తాళ్లు చుట్టలు చుట్టి మేకుకు తగిలించి ఉన్నాయి. నేను వదిలి వెళ్లినప్పటి ముడే. ఎవరూ విప్పలేదు.

గోడల నిండా గీతలు. కొట్టినవాడు కొట్టిన ప్రతి గంటనూ గోడ మీద ఉలితో గీయాలి. ఇది కూడా పాత పద్ధతే. చావుకు ఒక గీత, దాని పక్కన అంకె, ఆ మనిషి పని గుర్తు. అమ్మాయికి అన్నీ చూపించాను. కత్తెర దర్జీది. చక్రం బండివాడిది. చేప, నాగలి, గరిటె. ఆమె ఒక్కోటీ నోటుబుక్కులో బొమ్మ వేసుకుంది.

"ఇవి సున్నలేంటి? గీత లేదు."

"అడిగి కొట్టించుకున్న గంటలు. పెళ్లి, కొత్త పడవ, జబ్బు నయమైతే మొక్కు. ఎవరి కోసం కొడుతున్నామో వాళ్లే స్వయంగా వచ్చి అడగాలి. అప్పుడే సున్న. మీ తాతయ్య గట్టిగా చెప్పేవాడు, ఊళ్లో ఎన్ని అబద్ధాలైనా ఆడండి, గోడ మీద ఆడకండి అని."

నేను టేపు తీసి పైన దూలం కొలవడానికి నిచ్చెన సర్దుతున్నాను. ఆమె కిటికీ పక్క గోడ దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, ఇది అమ్మది."

దిగి చూశాను. గిన్నె బొమ్మ. వాడి చేతి ఉలి, నాకు తెలుసు, ఎప్పుడూ లోతుగా దింపుతాడు. పక్కన యాభై మూడు. ముందు గీత ఉండాల్సిన చోట సున్న ఉంది.

"పొరపాటున పెట్టి ఉంటాడా?" అంది.

సున్న గీయడం గీత గీయడం లాంటిది కాదు. రాతి గోడ మీద చిన్న సున్న గీయాలంటే ఉలి పదిహేను సార్లు తిప్పాలి. పదిహేను సార్లు పొరపాటు పడడు ఎవడూ.

"ఎవరి కోసం కొడతారో వాళ్లే స్వయంగా అడగాలి అన్నావు కదా," అంది, మెల్లగా.

"అన్నాను."

ఒక సంగతి ఇంతవరకు చెప్పకుండా వచ్చాను. చెప్పాల్సిన చోటు ఇదే. నా భార్య పోయే ముందు ఆదివారం, పొద్దున, నేను దిండు సర్దుతుంటే ఆమె అడిగింది. "నా ఏళ్లగంట ఇప్పుడే కొట్టండి. వింటాను." నాకు ఒళ్లు మండింది. "బతికున్న మనిషికి చావుగంట కొట్టడానికి నాకేమన్నా పిచ్చా?" అన్నాను. "ఒక్కసారి," అంది. "నోరు మూసుకుని పడుకో," అన్నాను. పడుకుంది. మళ్లీ అడగలేదు. అడగలేదు కాబట్టి మర్చిపోయిందనుకున్నాను. తర్వాత నేనే మర్చిపోయాను. మర్చిపోవడం నాకు అనుకూలంగా ఉంది.

దూలం కొలత రెండుసార్లు తీశాను. రెండుసార్లూ వేరు వచ్చింది. మూడోసారి అమ్మాయి టేపు పట్టుకుంది.

*

మర్నాడు షాపు తలుపు తీయగానే వెళ్లాను. లోపల ఇంకెవరూ లేరు. వాడు ఊడుస్తున్నాడు. నన్ను చూసి చీపురు మూలన పెట్టి, చేతులు కడుక్కుని, కుర్చీ దులిపాడు. కూర్చున్నాను. మెడకు గుడ్డ కట్టి అద్దంలో నా మొహం వంక చూశాడు.

"ఎవడు గీస్తున్నాడు ఈ గడ్డం?" అన్నాడు. నాలుగేళ్ల తర్వాత వాడి మొదటి మాట అది.

"నేనే."

"తెలుస్తోంది. చిత్రిక పట్టాల్సింది చెక్కకి బావా, చెంపకి కాదు."

సబ్బు రాశాడు. కత్తి తీశాడు. వాడి చేయి ఇదివరకటిలా లేదు, భుజం దగ్గర పట్టేసినట్టు కదులుతోంది. కత్తి నా గొంతు మీదికి వచ్చాక అన్నాను.

"నిన్న తాళ్ల గదికి ఎక్కాను."

కత్తి ఆగింది.

"గోడ చూశాను."

"మాట్లాడకు, తెగుతుంది."

"తెగనీ. సున్న ఎందుకు పెట్టావు?"

కత్తి గుడ్డకు తుడిచాడు. "గీత పెడితే అబద్ధమవుతుంది కదా," అన్నాడు.

"ఊరందరి దగ్గరా అబద్ధమాడావు. తొందరోడు అనిపించుకున్నావు. గోడకి మాత్రం నిజం చెప్పావా?"

"గోడ ఎవరికీ చెప్పదనుకున్నాను."

"ఎప్పుడడిగింది?"

"ఆదివారం. నువ్వు మందులకి వెళ్లావు. మీ బావని అడిగాను, తిట్టాడు, నువ్వు కొట్టరా అంది. నాకు చేతులు రావక్కా అన్నాను. పోయాక కొడితే నాకేం లాభంరా, లెక్క ఎవరు చూస్తారు అంది. జీవితమంతా అందరివీ లెక్కపెట్టాను, నాది నేను లెక్కపెట్టుకోవద్దా అంది."

నేను అద్దంలోకి చూడలేదు. కాళ్ల దగ్గర వెంట్రుకలు చూస్తూ కూర్చున్నాను.

"సోమవారం కూడా వద్దన్నాను," అన్నాడు. "మంగళవారం వెళ్తే ఇంక అడగలేదు. ఊరికే నా వంక చూసింది. అప్పుడు భయమేసింది. వెళ్లి కొట్టాను. ఒక్కడినే కదా, గంట ఊగదు. నాలుకకు తాడు కట్టాను."

"శబ్దం విన్నాను."

"పగులు ఆ రోజే మొదలై ఉంటుంది. తర్వాత నువ్వు రాలేదు. ఊళ్లో చావులు ఆగలేదు. ఆ తాడే లాగాను."

"నాకెందుకు చెప్పలేదు?"

వాడు రెండో చెంపకు సబ్బు రాశాడు. అప్పుడు చెప్పాడు.

"చెప్పొద్దంది. మీ బావని ముందు అడిగాను, కాదన్నాడు, ఆ సంగతి గుర్తొస్తే ఆ మనిషి ఇంక నిద్రపోడురా అంది. నువ్వు పొరపాటు అని చెప్పు, నిన్ను తిట్టుకుంటాడు, తిట్టుకోవడానికి ఒకడుంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉంటుంది అంది."

నాలుగేళ్లు తేలిగ్గానే తిట్టుకున్నాను. ఆమెకు నా సంగతి అంత బాగా తెలుసు.

గడ్డం అయిపోయింది. గుడ్డ విప్పి దులిపాడు. నేను లేచాను. క్షమించమని నేను అనలేదు. వాడూ ఆశించలేదు. మా ఇద్దరికీ ఆ అలవాటు లేదు. గుమ్మం దగ్గర ఆగి, "భుజం ఏమైంది?" అన్నాను.

"నాలుగేళ్లు ఒంటిచేత్తో లాగితే ఏమవుతుంది?"

"నూనె రాయించుకో. గంట వచ్చేలోపు తగ్గాలి."

వాడు చీపురు తీసుకుని మళ్లీ ఊడవడం మొదలుపెట్టాడు. ఊడ్చిన చోటే ఊడుస్తున్నాడు.

ఇంటికి వచ్చి అమ్మాయికి అంతా చెప్పాను. తలుపు చెక్కకు ఆనుకుని విన్నది. అంతా అయ్యాక, "ఇది పుస్తకంలో రాయాలా వద్దా?" అంది.

"రాయి. వడ్రంగిని అడిగితే కాదన్నాడని కూడా రాయి."

"అది అవసరమా నాన్నా?"

"అది రాయకపోతే మిగతాది రాయకు."

గింజల గిన్నె అటక మీద ఉంది. నేనే దించాను.

*

పోతపని షెడ్డు పట్నంలో. లారీలో ముగ్గురం వెళ్లాం. దారిలో బావమరిది, అమ్మాయి ఏవో కబుర్లు చెప్పుకున్నారు. నాలుగేళ్లవి కాబట్టి అయిపోలేదు. నేను గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మా పాత గంట అక్కడ ముక్కలై కుప్పగా పడి ఉంది. సుత్తితో పగలగొట్టి కరిగిస్తారట. పగిలిన చోట కంచు లోపల బూడిదరంగుగా మెరుస్తోంది. పోతపని మేస్త్రి గిన్నె తీసుకుని గోటితో అంచు మీద కొట్టి విన్నాడు.

"మంచి కంచు. ఇష్టపడే ఇస్తున్నారా? పోశాక గంటలో వెతుక్కుంటే దొరకదు."

"తెలుసు," అన్నాను.

అయినా ఆయన చేతిలోంచి ఒకసారి వెనక్కి తీసుకుని లోపల వేలితో తడిమాను. అడుగున గరుకుగా ఉంది. ముప్పై ఏళ్ల గింజలు అరగదీసిన చోటు. ఇచ్చేశాను. కంచు కరుగుతున్న ఎర్రటి మూసలో పడ్డాక అది గిన్నెలా ఒక్క క్షణమే ఉంది.

*

వానలు వెనకపట్టాక కొత్త గంట వచ్చింది. నా దూలానికి వేలాడదీశారు. టేకు, నాలుగు ఇనప పట్టీలు, ఎక్కడా కిర్రుమనలేదు. మోటారువాడు కూడా వచ్చాడు, చేతిలో కాగితాలు పట్టుకుని. చర్చి పెద్దలు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. వీళ్లిద్దరూ కొట్టగలిగితే సరే, లేకపోతే సంతకం పెడదాం అని చెప్పారట.

మేం ఇద్దరం ఎక్కాం. వాడు మూడుసార్లు ఆగాడు, నేను రెండుసార్లు. తాళ్లు విప్పాం. పాత ముడి బిగుసుకుపోయి ఉంది, ఉలితో ఊడదీశాను. కిటికీలోంచి చూస్తే కింద జనం తలలెత్తి నిలబడి ఉన్నారు. అమ్మాయి ముందు వరసలో ఉంది. అరచేతి నిండా గింజలు పట్టుకుని ఉంది. మూడు దెబ్బలకు అన్ని గింజలెందుకో.

"మూడు కొట్టమన్నాడు ఫాదర్," అన్నాడు బావమరిది, తాడు చేతికి చుట్టుకుంటూ.

"ముందు ఒకటి. ఆపి, ఆయన మూడు తర్వాత."

"ఒకటి ఎవరికి?"

"దర్జీకి."

వాడు నా వంక చూశాడు. ఆ గొడవ వాడికీ తెలుసు. మా ఇంట్లో బొత్తాం ఊడిన ప్రతిసారీ విన్నాడు.

"అయితే అక్క అన్నదే నిజమా?"

అవును. ఆ రోజు ముప్పైల్లో ఎక్కడో నాకు తుమ్ము వచ్చింది. లెక్కపెట్టే వంతు నాది, అది తడబడింది. ఆపిన మరుక్షణమే అనుమానం వచ్చింది. అయినా ఉలి తీసుకుని గోడ మీద కత్తెర గీసి, పక్కన డెబ్బై ఒకటి వేశాను. దిగి ఇంటికి వెళ్లి, గిన్నె ముందు కూర్చుని, పొయ్యి కింద వెతకమన్నాను. ఊరందరి దగ్గరా అబద్ధమాడిన మనిషి గోడ మీద నిజం గీశాడు. నేను గోడ మీద అబద్ధం గీసి పందొమ్మిదేళ్లు పెద్దమనిషిగా తిరిగాను.

"ఒక మనిషికి రెండోసారి కొట్టకూడదు కదా బావా," అన్నాడు.

"రెండోసారి కాదు. మొదటిదే పూర్తి కాలేదు. లాగు."

వాడు లాగాడు. భుజం నొప్పికి పళ్లు బిగించాడు. పైన దూలం తిరిగింది, గంట లేచింది, నాలుక తనంతట తాను వచ్చి తగిలింది. నేను ఇటువైపు తాడు మీద ఒళ్లంతా వేసి ఆపాను. అరచేతులు మండాయి. శబ్దం మాత్రం ఆగలేదు. కిటికీలోంచి పోయి, ఇళ్లు దాటి, చాలాసేపు పోతూనే ఉంది. పాత గంటకన్నా కాస్త సన్నం. ఆ గొంతు అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది.

కింద ఎవరూ కదల్లేదు. రెండోదాని కోసం చూస్తున్నారు. అమ్మాయి ఒక గింజను కుడిచేతి నుంచి ఎడమచేతిలోకి మార్చి, తలెత్తి ఆగింది.

మోటారువాడు ఆ రోజు వెళ్లిపోయాడు. వచ్చే ఏడు మళ్లీ వస్తాడు. మా ఇద్దరి భుజాలు ఎన్నాళ్లు. అమ్మాయి తాడు పట్టడం నేర్చుకుంటానంటోంది. నేర్పుతున్నాను.

మిగతా మూడూ కొట్టాక వాడు మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. నేను దర్జీ గోడ దగ్గరికి వెళ్లాను. కత్తెర మీద పందొమ్మిదేళ్ల దుమ్ము. చొక్కా చేతితో తుడిచాను. డెబ్బై ఒకటి అని ఉంది. ఉలి జేబులోనే ఉంది. బయటికి తీయలేదు. దిద్దడానికి ఇంక ఏమీ లేదు.